డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

నారాయణఖేడ్ మొదలగు ఊళ్ళలోని ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులకు వారమున కొకసారి నీలిరంగు మాత్ర నిచ్చుట నేడు పరిపాటి. రక్తహీనత కలుగకుండుటకై ఇచ్చు ఆ మాత్రలో ఇనుముతోపాటు ఫోలికామ్లము అను మరియొక పదార్థము కలదు. మాత్ర చిన్నది, మ్రింగుటకు నిమిషమైనను పట్టదు. కాని ఆ రెండవ పదార్థమును గుర్తించి, దాని నిర్మాణము నెరిగి, కర్మాగారములో తయారుచేయు మార్గమును కనుగొనుటకు ఎందరో శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి శ్రమించిరి. వారిలో ఒక ముఖ్యబృందమునకు నాయకత్వము వహించినవాడు తెలుగువాడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యము వలన ఆయన ఉద్యోగమును మధ్యలోనే విడువవలసి వచ్చెను. సంసారము పెద్దది, రాబడి స్వల్పము. తల్లి వెంకమ్మ ధైర్యముగల ఇల్లాలు. పిల్లల చదువు చెడిపోరాదని ఆమె పట్టుదల.

బాలుడైన సుబ్బారావునకు మాత్రము మొదట చదువుపై అంతటి శ్రద్ధ లేకుండెను. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మినచో ధనము గడింపవచ్చునని తలచి, పదమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి ఆతనిని మరలించి తెచ్చి తిరిగి బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పెను. ఇంతలో తండ్రి గతించెను. తల్లి తన నగలను సైతము అమ్మి కుమారుని చదువునకై మదరాసు పంపెను. అచ్చటి హిందూ హైస్కూలులో చదివి, మూడవ పర్యాయము ఆతడు ఉత్తీర్ణుడయ్యెను. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చేరెను.

ఆ రోజులలో ఆయన మనస్సు వైరాగ్యము వైపు మరలెను. రామకృష్ణ మఠములో చేరి సన్న్యసింపవలెనని కోరెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. తల్లి యనుమతి లేనిదే చేర్చుకొనుటకు మఠమువారు నిరాకరించి, వైద్యము నేర్చి రోగులకు సేవ చేయుమని హితవు చెప్పిరి. ఆ మాట సుబ్బారావు మనస్సునకు నచ్చెను. ఆయన మదరాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. స్నేహితులు కొందరును, పిమ్మట ఆయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో ఆయన వివాహము జరిగెను.

వైద్యవిద్యలో తొలిమెట్టు శరీరమును గూర్చిన జ్ఞానము. ఎముకలు, కండరములు, నరములు ఎట్లు అమరియున్నవో తెలుపునది శరీరనిర్మాణశాస్త్రము. గుండె ఎట్లు కొట్టుకొనునో, తిన్న అన్నము జీర్ణమై రక్తములో ఎట్లు కలియునో, ఆ రక్తము ప్రాణవాయువును ఎట్లు మోయునో తెలుపునది శరీరధర్మశాస్త్రము. రోగమనగా ఈ ధర్మములలో ఏదో యొకటి తప్పుటయే. ధర్మము నెరుగనివానికి తప్పు తెలియదు. తప్పు తెలియక మందిచ్చుట చీకటిలో బాణము వేయుట వంటిది. ఈ సత్యము సుబ్బారావునకు పుస్తకముల వలన కొంతయు, తన యింట జరిగిన విషాదము వలన కొంతయు బోధపడెను.

ఆ యేండ్లలోనే ఆయన సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి అనువా రిరువురు స్వల్ప వ్యవధిలో ఒకరి వెనుక ఒకరు మరణించిరి. వారిని బలిగొన్నది స్ప్రూ అను వ్యాధి. మనవారు గ్రహణి అని పిలుచు రోగమునకు ఇది చాలవరకు పోలినది. ఈ రోగము వచ్చినవారికి విరేచనములు ఆగవు, నోరు పూయును, తిన్నది ఒంట పట్టదు, రక్తము క్షీణించును, ఎదుట అన్నమున్నను రోగి శుష్కించిపోవును. ఇది యెందువలన కలుగునో ఆనాటి వైద్యులకు స్పష్టముగా తెలియదు. సోదరులను కాపాడు మందు వైద్యవిద్యార్థియైన సుబ్బారావు చదివిన గ్రంథములలో ఏ పుటయందును లేదు. కొంతకాలమునకు ఆ రోగమే ఆయనకును సోకెను. ప్రసిద్ధ ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్స వలన ఆయన బ్రతికి బయటపడెను.

అది స్వాతంత్ర్యోద్యమము విజృంభించిన కాలము. గాంధీమహాత్ముని పిలుపు నందుకొని సుబ్బారావు విదేశవస్త్రములను విడిచి, శస్త్రచికిత్స నేర్చుకొను వేళ సైతము ఖద్దరు అంగీనే ధరించెను. ఇది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునకు ఆగ్రహము కలిగించెను. పరీక్షలు బాగుగా వ్రాసినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో ఆయన తృప్తిపడవలసి వచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు చేసిన ప్రయత్నమును ఫలింపలేదు. అప్పుడు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్ర బోధకుడుగా చేరెను.

బోధించుచున్నను ఆయన మనస్సు నిలువలేదు. సోదరుల ప్రాణములు తీసిన రోగమునకు కారణమేమి యను ప్రశ్న ఆయనను వెంటాడుచుండెను. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధులను బోధించు ప్రత్యేక విద్యాలయము కలదని తెలిసి, అచ్చటికి పోవ నిశ్చయించెను. మామగారును, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ వారును ప్రయాణమునకు సాయపడిరి. కొలది యేండ్లలో తిరిగివత్తునని భార్యకు మాటయిచ్చి, 1920 తరువాతి తొలి సంవత్సరములలో ఆయన ఓడ యెక్కెను.

బోస్టను నగరము చేరునప్పటికి చేతిలో మిగిలిన ధనము మిక్కిలి స్వల్పము. అమెరికాలో వైద్యము చేయుటకు ఆయన పట్టము చాలదు. కావున పగలు చదువుచు, రాత్రులందు ఒక ఆసుపత్రిలో సేవకుడుగా పనిచేసెను. రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రము చేయుట ఆయన పనులలో నొకటి. వైద్యపట్టము గలవాడనైన నేను ఈ పని చేయుటయా యని ఆయన సంకోచింపలేదు. ఉష్ణమండల వ్యాధుల చదువు ముగిసిన పిదప, హార్వర్డు వైద్యకళాశాలలోని జీవరసాయనశాస్త్ర శాఖలో ప్రవేశించి, సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కూడి పరిశోధన సాగించెను.

మన రక్తములోను, కండలలోను భాస్వరము కలదు. అది ఎంత యున్నదో ఖచ్చితముగా కొలుచు సులభమార్గము అప్పటికి లేదు. ఫిస్కే, సుబ్బారావు లిరువురును అట్టి మార్గము నొకదానిని 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు కొన్ని రసాయనములను చేర్చినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కనైనదో భాస్వరము అంత అధికము. వారి పేర్లతో ప్రసిద్ధికెక్కిన ఈ పద్ధతి ప్రపంచమందలి ప్రయోగశాలల నన్నింటను వ్యాపించెను. జీవరసాయనశాస్త్రము చదువువారు దీనిని నేటికిని నేర్చుకొనుచున్నారు.

ఈ పద్ధతితో కండలను పరీక్షించుచుండగా వారికొక వింత కనబడెను. కండనుండి తీసిన ద్రవములో నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా హెచ్చుచుండెను. దానిని తమ పొరపాటుగా నెంచి మరియొకరు విడిచియుందురు. వారు విడువలేదు. భాస్వరము మరియొక పదార్థముతో బంధింపబడియుండి, ఆ బంధము మెల్లగా విడుచుండుట వలన రంగు ఆలస్యముగా వచ్చుచున్నదని గ్రహించిరి. ఆ జంటపదార్థమే ఫాస్ఫోక్రియేటిను. దానిని వారు 1927లో లోకమునకు తెలిపిరి. కండ పనిచేయుచున్నప్పుడు ఈ పదార్థము తగ్గుననియు, విశ్రాంతి దొరకినపుడు మరల పెరుగుననియు నిరూపించిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును కండలనుండి వేరుచేసిరి. దీనినే క్లుప్తముగా ఏ.టి.పి. యందురు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా దీనిని కనుగొనెను.

ఈ పరిశోధనల విలువ యెట్టిదో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. కబడ్డీ ఆటగాడు ప్రత్యర్థుల చేతులు తప్పించుకొని ఒక్క దూకున గీతను చేరును. ఆ క్షణమున ఆతని కండలకు శక్తి నిచ్చునది ఏ.టి.పి. శరీరమున దాని నిలువ మిక్కిలి కొద్ది, క్షణములలో వ్యయమైపోవును. అప్పుడు ఫాస్ఫోక్రియేటిను తనయందలి భాస్వరమునిచ్చి దానిని మరల నింపును. అంతకు పూర్వము గ్లైకోజెను లాక్టికామ్లముగా మారుటయే కండ ముడుచుకొనుటకు మూలమని శాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. కండలను గూర్చిన పరిశోధనలకై హిల్, మేయర్‌హాఫ్ అను వారిరువురికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. లాక్టికామ్లము పుట్టకపోయినను కండ ముడుచుకొనగలదని 1930లో డెన్మార్కు దేశపు లుండ్స్‌గార్డ్ రుజువు చేయగా, పాత సిద్ధాంతము మారెను. ఫిస్కే, సుబ్బారావులు కనుగొన్న పదార్థములకు శరీరధర్మశాస్త్రములో శాశ్వతస్థానము లభించెను. 1930లోనే సుబ్బారావు డాక్టరేటు పట్టము పొందెను.

అయినను ఆయన మరువనిది సోదరుల రోగము. బోస్టను నగరమున మైనాట్, మర్ఫీ అను వైద్యులు ఘోరమైన ఒక విధపు రక్తహీనతకు కాలేయమును ఆహారముగా నిచ్చి నయము చేయవచ్చునని 1926లో చూపియుండిరి. అయితే కాలేయములోని ఏ పదార్థము ఈ మేలు చేయుచున్నది? దానిని వేరుచేయుటకు సుబ్బారావు పూనుకొనెను. హార్వర్డులో ఆయనకు శాశ్వతమైన పదవి దొరకలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పర్ల్ రివరు అను ఊరిలో నున్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అచిరకాలముననే పరిశోధనా విభాగమున కధిపతి యయ్యెను. ఒక్కని చేతికి సాధ్యము కాని పని ఇప్పుడు రసాయనవేత్తలు, వైద్యులు, జీవశాస్త్రజ్ఞులు గల పెద్ద బృందముతో సాగెను.

ఈ కథలో మన దేశమునకును సంబంధము కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో పేద గర్భవతులకు కలుగు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారమును ఆహారమున చేర్చిన అది నయమగునని 1931లో ప్రకటించెను. ఈస్టులోను, కాలేయములోను, ఆకుకూరలలోను ఉండి మేలుచేయునది ఒకే పదార్థమని క్రమముగా తేలెను. ఆకు అను అర్థముగల లాటిను పదమునుబట్టి 1941లో దానికి ఫోలికామ్లమని పేరు వచ్చెను. 1945లో సుబ్బారావు నాయకత్వముననున్న బృందము దాని నిర్మాణమును తెలిసికొని, ప్రయోగశాలలో దానిని తయారుచేసెను. మైనాట్, మర్ఫీలు చూచిన రక్తహీనతకు కారణము మాత్రము వేరొక విటమిను లోపమని పిమ్మట తెలిసెను. సుబ్బారావు వెదకినది ఒకటి, దొరకినది మరియొకటి. కాని దొరకినది ఆయన చిరకాల ప్రశ్నకే సమాధానమయ్యెను.

మన ఎముకల మూలుగలో ఎఱ్ఱ రక్తకణములు నిరంతరము పుట్టుచుండవలెను. కణము రెండుగా చీలి వృద్ధిపొందుటకు ఫోలికామ్లము అవసరము. స్ప్రూ రోగమున పేగులు చెడి, ఆహారమునందలి ఈ పదార్థమును గ్రహింపజాలవు. అందువలన రక్తము క్షీణించును. టామ్ స్పైస్ అను అమెరికను వైద్యుడు 1945, 1946 సంవత్సరములలో క్యూబా మున్నగు చోట్ల స్ప్రూ రోగులకు కొత్తగా తయారైన ఫోలికామ్లము నిచ్చెను. శుష్కించియున్న రోగులకు ఆకలి పుట్టెను, రక్తము పెరిగెను, వారు లేచి తిరుగ మొదలిడిరి. సోదరులు మరణించి అప్పటికి రెండు దశాబ్దములు దాటెను. మందు వారికి అందలేదు. వారివంటి వేలకొలది యితరులకు అందెను.

అప్పుడే మరియొక అద్భుతము జరిగెను. బోస్టనులోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో బాధపడు పిల్లలను చూచుచుండెను. ఆ రోగమున తెల్లకణములు హద్దుమీరి పెరుగును. ఫోలికామ్లము పెరుగుదలకు తోడ్పడునదైనచో, దానివలె నటించి దాని స్థానము నాక్రమించు పదార్థము ఆ పెరుగుదలను అడ్డుకొనవలెను గదా! సుబ్బారావు బృందము అట్టి పదార్థములను తయారుచేసి ఫార్బరున కిచ్చెను. వానిలో అమినోప్టెరిను అను మందు 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనను గుణమిచ్చినదని 1948 జూనులో ఫార్బరు ప్రకటించెను. మందు లేదని అందరును చేతులెత్తేసిన రోగమునకు అది తొలి ఆశాకిరణము. దానికి సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరు చికిత్సలోను, కీళ్ళవాపు చికిత్సలోను వాడబడుచున్నది.

బోదకాలు తెలుగునాట అనేకులను పీడించిన వ్యాధి. దోమకాటు వలన శరీరమున జొరబడు సన్నని పురుగులే దీనికి కారణము. ఆ పురుగులపై పనిచేయు డైయిథైల్ కార్బమజీను అను మందును సుబ్బారావు బృందము ఎలుకలపై పరీక్షించి కనుగొనగా, 1947లో పోర్టోరికో ద్వీపమున రోగులకు ఇచ్చి చూచిరి. బోదకాలు నిర్మూలనకై భారతదేశములో 2004 నుండి ఇంటింటికి పంచిన మాత్ర ఇదియే. అదే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిను అను మందును కనుగొనెను. టెట్రాసైక్లినులను మందుల కుటుంబములో అది మొదటిది. అది 1948లో వెలుగులోకి వచ్చెను. ఆ పరిశోధనా విభాగమునకును అధిపతి సుబ్బారావే. కాని సమావేశములలో తాను ముందు నిలువక, పనిచేసినవారినే ముందు నిలుపుట ఆయన స్వభావము.

ఇన్ని విజయములకు ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు. కొలది యేండ్లకు తిరిగివత్తునన్న మాట నెరవేరలేదు. ఆయన వెడలిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డను కన్నులార చూడనేలేదు. ఒక ప్రయోగము ముగియులోపల మరియొక ప్రశ్న తలయెత్తుచు, ప్రయాణము వాయిదాపడుచుండెను. శేషగిరి పుట్టినింట నిరీక్షించుచునే యుండెను. 1948 ఆగస్టులో, భారతదేశము స్వతంత్రమై సంవత్సరము నిండకమునుపే, న్యూయార్కు ప్రాంతమున ఒక రాత్రి సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు 53 సంవత్సరములు. భార్యాభర్తలు మరల ఒకరి నొకరు చూచుకొనలేదు. ఆయన విజయములను తలచువారు ఆమె త్యాగమును గూడ తలపవలెను.

జీవించియుండగా ఆయన పేరు లోకమునకు అంతగా తెలియలేదు. నోబెల్ బహుమానము ఆయనకు రాలేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారతప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళ వెలువరించెను. ఒక జాతి శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని పేరిడిరి.

నేడు ఔషధశాస్త్రము చదువుటకు ఫార్మసీ కళాశాలలో చేరు విద్యార్థులకు మొదటి సంవత్సరముననే మానవశరీర నిర్మాణమును, ధర్మములను బోధింతురు. మందులు తయారుచేయుటకు వచ్చినవారికి గుండె, పేగులు, కండలు, రక్తము వీనితో పనియేమి యని కొందరు విసుగుకొందురు. వారు చదువు ఆ పుటలలోనే ఏ.టి.పి.యును, ఫాస్ఫోక్రియేటినును కలవు. సుబ్బారావు జీవితమే వారి ప్రశ్నకు సమాధానము. ఆయన కండ యెట్లు పనిచేయునో ముందుగా అడిగెను. రక్తమెట్లు పుట్టునో అడిగెను. మందులు ఆ ప్రశ్నల వెంట వచ్చినవి. మెట్రిక్యులేషనులో రెండు పర్యాయములు తప్పిన బాలుడు, ఒకే ప్రశ్నను పాతికేండ్లు విడువక పట్టుకొనుట వలన, తన సోదరులకు దక్కని ఆయువును ముక్కు మొగము తెలియని బిడ్డలకు దక్కించెను. బడిలో ఇచ్చు ఆ చిన్న నీలిమాత్రలో ఆ పట్టుదల యొక్క ఫలము కొంత కలదు.